ఆ డాష్‌బోర్డుకు పాలిష్ పట్టింది నేనే

ఇప్పటికీ ఎవరన్న కారు డోరు తీసి, లోపల మెరిసే చెక్కను చూపెట్టి "ఎట్లున్నది?" అని అడిగితే నాకు కడుపు మండుతది. మంచిగున్నదనే అంట. ఇంకేమంట? అడిగినాయనదేం తప్పు, పాపం. నా మంట వేరే ఇంటి మీద.

ఆ ఇల్లు కొత్తవాడల ఉండె. ఇంటాయనకు జంపఖానాల యాపారం. మగ్గాల మీద నేసినయి కొని, కట్టలు కట్టించి ఊర్లకు పంపుతుండె. డెబ్బైలల్ల నేను ఆయన దగ్గర కారు డ్రైవరుగ కుదిరిన. మొదటిరోజు "సేటూ" అని పిలిస్తే, "సేటేందిరా, అన్నా అను" అన్నడు. అట్ల ఆయన అన్నయిండు, ఇంటామె వదినయింది. ఆమె నన్ను "తమ్మీ" అనేది. యాడికన్న పోయేటప్పుడు "తిన్నవా తమ్మీ?" అని అడగకుంట బండి ఎక్కకపోయేది. ఇదంత ఎందుకు చెప్తున్ననంటే, పరాయోడు ముంచితే రెండు తిట్లు తిట్టి మర్చిపోతం. వీళ్లను మర్చిపోవుడు నాతోని కాలే.

కారు అంబాసిడర్. అన్న వాళ్ల నాయిన కొన్నది. ఆ పెద్దాయనకు షోకు ఎక్కువ. డాష్‌బోర్డుకు కంపెనీ పెట్టిన రేకు నచ్చక, చెక్కపని చేసే వడ్లాయనను ఇంటికి పిలిపిచ్చి, కొలతలు తీయించి, మీటర్లకు గుండీలకు బొక్కలు కొట్టించి, ఈ చివర నుంచి ఆ చివరకు టేకు పలక బిగిపిచ్చిండట. పెద్దాయన ఉన్నన్నాళ్లు అందుల మొఖం చూసుకోవచ్చునంట. నేను పోయేనాటికి అది పొయ్యికాడి పీట లెక్క ఉండె.

ఎట్ల ఖరాబైందంటే, మన భక్తితోనే ఖరాబైంది. రోజు పొద్దుగాల మీటరు పక్క సందుల ఊదుబత్తి గుచ్చుడు, దాని బూడిదంత పలక మీదనే రాలుడు. దసరాకు బండి పూజ అంటే పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు అన్నీ దాని మీదనే. ఒకసారైతే అన్న భక్తి ఎక్కువై, కర్పూరం బిళ్లను పళ్లెంల కాదు, సీదా పలక మీద పెట్టి ముట్టిచ్చిండు. నేను ఉరికొచ్చి ఊదేలోపు నల్లగ కాలి ఊకున్నది. ఇంక మేడారం జాతర పోతే చెప్పొద్దు. అమ్మలకిచ్చే బెల్లాన్ని బంగారం అంటం కద. బంగారం కాళ్లకాడ పెట్టొద్దని వదినె ఆ ముద్దలను తెచ్చి డాష్‌బోర్డు మీద పేర్చేది. మీద ఎండ, కింద ఇంజను వేడి. తొవ్వ పొడుగూత అది కరిగి, పాకమై, గుండీల సందులకు కారేది. జాతర అయినంక ఎన్నో రోజులు బండిల నాకన్న ముందు చీమలు కూసునేటియి.

ఎనభైలల్ల ఒక దసరా. అప్పటికే అన్న కొత్త కారు బుక్ చేసి ఉన్నడు. ఆ కాలంల బుక్ చేసిన కారు ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక. సాయంత్రం జమ్మి ఆకు తీసుకొని వాళ్లింటికి పోయిన. అన్న చేతుల జమ్మి పెట్టి కాళ్లకు మొక్కిన. ఆయన నన్ను లేవదీసి అలాయ్ బలాయ్ తీసుకున్నడు. నా చేతుల జమ్మి పెట్టి, పిడికిలి మూసి, "కొత్తది వచ్చిన్నాడు ఈ బండి నీదిరా. ఇన్నేండ్లు నువ్వే సాదినవు. కాజీపేట స్టేషన్ కాడ టాక్సీ పెట్టుకొని బతుకు" అన్నడు. వదినె పక్కనే ఉన్నది. "మమ్ములను స్టేషన్‌కు కిరాయి లేకుంట ఊకెనే దింపాలె మరి!" అని నవ్వింది. నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే.

ఇంటికొచ్చి మా ఆమెకు చెప్పిన. ఆమె సంబురపడుతదనుకుంటే, "కాయితం ఏమన్న రాసిచ్చిండా?" అన్నది. నాకు సర్రున కోపం లేచింది. "నీకు బుద్ధి ఉన్నదా? జమ్మి చేతుల పెట్టి చెప్పినోన్ని కాయితం అడుగుతరా ఎవలన్న?" అని ఒర్రిన. మా దిక్కు ఏడాదంత మాటల్లేని అన్నదమ్ములు గూడ ఆ ఆకు చేతుల పడితే కలిసిపోతరు. అది పట్టుకొని అన్న మాట తిరుగుతదని నాకు ఎవరు నేర్పలే. నేను పెరిగిందే అట్ల.

ఆ చలికాలంలనే నాకు బస్సు డ్రైవర్ నౌకరికి పిలుపొచ్చింది. మా ఆమె బతిమిలాడింది. "పోరాదా, నెలనెల జీతమొస్తది, పిల్లల చదువుకు ఫికర్ ఉండది" అన్నది. నేను పోలే. సొంత బండి అంటే ఏందో డ్రైవరుకే తెలుస్తది. ఎవరి డోరు తీసేది లేదు, ఎవరి పెండ్లిల్నో గేటు బయట గొంతుకూర్చొని ఎదురుచూసేది లేదు, నా పెండ్లాం పిల్లలు ముందు సీట్ల కూసోని పోవచ్చు. గా ఒక్కదాని కోసం నౌకరి వద్దన్న. మల్ల ఆ పిలుపు రాలే.

జాతర అయిపోయి ఎండలు ముదిరేటప్పుడు, కొత్త కారు వస్తాందని కబురందింది. అన్న పిలిచి, "ఆ డాష్‌బోర్డు సంగతి జర చూడురా. నీ బండే కద, నీకెట్ల కావాల్నో అట్ల చేసుకో" అన్నడు. ఇంక నన్ను పట్టుకునేటోడు లేడు.

హన్మకొండల మంచాలకు పాలిష్ పట్టే ఒకాయన దగ్గర కూసోని అన్నీ అడిగి తెలుసుకున్న. గుండీలు పీకి, మరలు విప్పి, పలకను బయటికి తీసిన. ఎనుక దిక్కు బెల్లం గడ్డకట్టి రాయి లెక్క ఉన్నది. వేడినీళ్ల బట్ట పిండి, కప్పిపెట్టి, నానినంక తుడిచిన. పసుపు మరకలకు సబ్బు పెట్టొద్దు. సబ్బు తగిలితే పసుపు ఎర్రగై ఇంకింత అంటుకుంటది. పొద్దటి ఎండకు పెడితే దానంతట అదే ఇడుస్తది. అట్లని మిట్టమధ్యాహ్నం ఎండల పెడితే పలక వంగుతది. అందుకని రోజు పొద్దుగాల అన్న వాళ్ల వాకిట్ల పెట్టుడు, ఎండెక్కంగనే లోపటికి తెచ్చుడు. చంటిపిల్లగాన్ని గూడ నేను గంత మంచిగ చూసుకోలే.

తర్వాత గాజు పెంకుతోని పాత పాలిష్ గీకిన. గరుకు కాయితం పెట్టి చెక్క గీతల వెంబడి రుద్దిన. అడ్డం రుద్దితే గీరలు పడతయి, ఆనక ఎంత పాలిష్ పట్టినా అవే కనబడతయి. కర్పూరం కాలిన కాడ మసి గీకి, గుంటల మైనం, రంగు కలిపిన లప్పం నింపిన. ఇంక పాలిష్‌కు వాడే చపడా లక్కను స్పిరిట్‌ల నానబెట్టి వడగట్టి, దూదిని పేలికల చుట్టి, పల్చటి పూతలు మొదలువెట్టిన. ఒక పూత ఆరాలె, చెయ్యితోని తడిమి చూడాలె, మల్ల జర రుద్దాలె, మల్ల పూత. తొందరపడితే పొక్కులొస్తయి. భుజాలు గుంజేటియి, స్పిరిట్ వాసనకు తలకాయ తిరిగేది. అయినా ఆదివారాలు గూడ ఇంటికాడ ఉండకపోయేటోన్ని.

పేలికల కోసం మెత్తటి నూలు చీర ఇచ్చింది వదినెనే. తానే చింపి ఇచ్చింది. చాయ తెచ్చి పక్కన పీటేసుకొని కూసునేది. "అగో, ఆ మూలకు ఇంకా జర మబ్బుగున్నది తమ్మీ" అని చూపెట్టేది. నేను మల్ల పూత పట్టేటోన్ని. "స్టాండ్ల అందరు నీ బండే ఎక్కుతరు చూడు" అని గూడ అన్నది ఒకనాడు. ఆ మాటకు నేను పొంగిపోయిన. ఇప్పుడు తలుసుకుంటే పండ్లు పటపట కొరకాల్ననిపిస్తది.

పలక బిగిచ్చిన్నాడు అన్న వచ్చి చూసి నోరు తెరిచిండు. టేకు గీతలు ఒక్కొక్కటి లోపటికెళ్లి ఎలుగుతున్నట్టు ఉండె. కాలిన మచ్చ యాడున్నదో నాకే దొరకలే.

కొత్త కారు వచ్చింది. పూజ పెట్టుకున్నరు. పాత బండికి గూడ బంతిపూల దండ వేసి ఉన్నది. నేను మా ఆమెను తీసుకొనే పోయిన. ఆమె కొత్త చీర కట్టి, కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పళ్లెంల పెట్టుకొని వచ్చింది. వదినె సొంత తమ్ముడు కరీంనగర్ నుంచి వచ్చి ఉన్నడు. కొత్త కారు పండుగకు వచ్చిండనుకున్న.

పూజ అయినంక అన్న పాత బండి తాళంచెవి తెచ్చి నా చేతుల పెట్టిండు. కాళ్లకు మొక్కుదామని వంగుతాన్న, అంతట్లనే అన్నడు: "మా బామ్మర్దిని కరీంనగర్‌ల దింపు. ఆయన ఆడ దుకాణం పెడుతాండు, బండి కావాల్నట. వాళ్లింట్ల అప్పజెప్పి నువ్వు బస్సెక్కి రా."

వంగినోన్ని వంగినట్టే ఉన్న. మా ఆమె చేతుల పళ్లెం అట్లనే ఉన్నది. అన్న బండి డోరు తీసి బామ్మర్దికి డాష్‌బోర్డు చూపెడుతాండు. "చూసినవా? కొత్త దాన్ల గూడ ఇసొంటిది రాదు. బండిని ఎట్ల చూసుకున్నమో గిది చూస్తె తెలుస్తది" అంటాండు. చూసుకున్నమట!

"అన్నా, నాకిస్తనంటివి కద, దసరా నాడు" అన్న. ఆయన అటిటు చూసి, నా భుజం మీద చెయ్యేసి, "పండుగనాడు సంబురంల ఎన్నో అంటంరా. గవన్ని మనసుల పెట్టుకుంటరా?" అన్నడు. అందరి ముందట నవ్విండు గూడ.

మా ఆమె కాయితం సంగతి ఎత్తలే. పళ్లెం తెచ్చి వాళ్ల అరుగు మీద పెట్టి, కొంగు నెత్తి మీదికి గుంజుకొని ఎల్లిపోయింది. నన్ను తిట్టినా బాగుండు.

నేను సీదా ఇంట్లకు పోయిన. వదినె వంటింట్ల తమ్మునికి దారికని సద్ది కడుతాంది. ఆమెకు ఈ సంగతి ఎరుకలేదనే నా నమ్మకం. అన్న మీద ఆమెకు చెప్పుకుందామనే పోయిన, నిజంగ.

"వదినె, బండి మీ తమ్మునికి ఇస్తాండ్రట, నీకెరుకేనా?" అన్న.

"ఎరుకే. జాతరకు పోయినప్పుడే అనుకున్నం" అన్నది, మూట ముడేసుకుంట.

జాతరకు పోయినప్పుడు. నేను ఆ పలకకు ఇంకా చెయ్యే పెట్టలే అప్పటికి.

"మరి దినాం నా పక్కన కూసుంటివి. ఒక్క మాట చెప్పకపోతివి వదినె" అన్న. ఏడుపును ఆపుకునుడు నాతోని కాలే.

ఆమె ముడి గట్టిగ గుంజి, తలెత్తి చూసింది. కోపం లేదు, సిగ్గు లేదు. మెల్లగ, ఎప్పటి లెక్కనే, ప్రేమగనే అన్నది.

"చెప్తే ఇంత మంచిగ చేస్తుంటివా తమ్మీ?"