పెదనాయనకు నచ్చిన పుస్తకాలు

తమిళనాడులోని గుడియాత్తంలో మా పెదనాయన ప్రతి డిసెంబరులోనూ మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ ఏడాది చదివినవాటిలో తనకు నచ్చిన పుస్తకాలు చూపించేవాడు. అన్నీ రాజకీయం, అధికారం, దేవుడి గురించినవే. ఒక్కో అట్టనూ వేలితో కొడుతూ, "అధికారాన్ని నిలదీయల్ల నాయనా!" అనేవాడు. అంత ధైర్యంగా ఆయన మాట్లాడేది మా ముందే.

ఒక డిసెంబరులో, ఆయన మేడ కట్టిన మేస్త్రీ ఆ సభ మధ్యలోకి వచ్చాడు. కౌన్సిలరు, తనకు ఓట్లు వేయలేదని, వాళ్ల వీధి అమ్మవారి గుడికి తాళం వేయించాడట.

"సామీ, మీరు చదువుకున్నోళ్లు. కలెక్టరుకి ఒక అర్జీ రాసియ్యండి" అన్నాడు.

పెదనాయన వేలు అట్ట మీదే ఆగిపోయింది. "పెద్దోళ్లతో మనకెందుకప్పా? ఇది చదువు, ధైర్యం వస్తాది" అంటూ ఆ పుస్తకమే అతని చేతిలో పెట్టాడు.

"తెలుగు మాట్లాడేదే వచ్చు సామీ, చదవను రాదు" అని మేస్త్రీ దాన్ని రెండు చేతులతో తిరిగిచ్చేశాడు.

నాకు సిగ్గేసింది. వెంట వెళ్లి, టీకొట్టు బల్ల మీద తమిళంలో అర్జీ నేనే రాసిచ్చాను. వారం తిరక్కుండా తాళం తీశారు. ఆ మాట చెబుదామని వెళితే, పెదనాయన తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు:

"ఆ అర్జీలో నా పేరు యాడా రాయలేదు గదా?"