లింబాద్రి నోట్లో బెల్లం

1931లో బోధన్ అంగడిలో బెల్లం వర్తకులు సంఘం పెట్టుకున్నప్పుడు పైసల పెట్టె లింబాద్రి ఇంటికి చేరింది. దానితో పాటు ఒక కట్టుబాటూ వచ్చింది. పైసలు దాచేవాడు వాటి ఖర్చు గురించి నోరు విప్పకూడదు. కూటం మొదలవగానే పెద్దమనిషి రాజనర్సు అతని నోట్లో బెల్లం ముక్క పెట్టేవాడు. అది కరిగేలోపు మాటలు ముగిసేవి.

అంగడికి వచ్చే బండికి ఒక అణా. ఆరేళ్లలో అవి ఆరు వందల రూపాయలయ్యాయి. ఎద్దు చచ్చినవాడికి ఎద్దు, ఇల్లు కాలినవాడికి కప్పు ఆ పెట్టెలోంచే.

"నీ పెట్టె నిండు సూలాలోలె ఉన్నది" అని నవ్వేది భార్య అంజవ్వ.

ఆ ఏడు ఊరవతల చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం లేవసాగింది. దాని నీడ పొద్దుగూకే వేళకు అంగడి దాకా పాకి, బెల్లం దిమ్మెలను ఒక్కొక్కటిగా ముట్టిపోయేది. పొలాల వెంట బండి తోలే లింబాద్రి మరొకటీ చూశాడు. ఫ్యాక్టరీ గుమాస్తాలు గట్ల మీద కూర్చుని, కోయని చెరుకుకే బయానా ఇచ్చి రైతుల వేలిముద్రలు తీసుకుంటున్నారు.

దసరా కూటంలో రాజనర్సు అన్నాడు: "పెట్టెలున్నదంత పెట్టి ఇనుప గానుగలు నాలుగు కొందం. రైతులకు కిరాయికిద్దం."

"మరి ఫ్యాక్టరీ అన్నా?" ఒక్క జత ఎడ్లున్న ముత్యం అడిగాడు.

"గది ఎంత తింటది రా? ఏనుగు మేసిన తోటల ఎలుకకు మిగలదా?"

అందరూ నవ్వారు. లింబాద్రి నోట్లో బెల్లం అప్పటికే కరిగిపోయింది. మాట పళ్ల దాకా వచ్చింది.

"ఏం లింబాద్రి, ఒడిసిందా? ఇంకో ముక్క పెట్టాల్నా?"

మళ్లీ నవ్వులు. అతను తల అడ్డంగా ఊపి పెదాలు బిగించాడు.

గానుగలు వచ్చాయి. మరుసటి పంటకు చెరుకు వాటి ముందు నుంచే, బండి వెనక బండి, ఫ్యాక్టరీకి పోయింది.

మాఘంలో ముత్యం ఎద్దు చచ్చింది. అతని భార్య గంగమణి లింబాద్రి గడపలో నిలబడింది.

"పెట్టె తియ్యన్నా. జత లేకుంటే ఫ్యాక్టరీకి చెరుకు తోలే కూలి గూడ దొరకది."

అతను మూత తెరిచి చూపాడు. ఖాళీ ఇనుప వాసన.

"పొలాల పొంట తిరిగెటోనివి. నీకు ఎర్కలేదా?"

లింబాద్రి కొట్టంలోకి పోయి, తన ఎద్దుల్లో ఒకదాన్ని విప్పి పలుపు ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు తుప్పు పడుతున్న గానుగల పక్కన కూర్చున్నాడు. చెరుకు బండి లాగుతూ వచ్చిన ఆ ఎద్దు అతన్ని చూసి ఆగింది. ముత్యం అదిలించాడు. అది పొగగొట్టం వైపు తల తిప్పుకుని నడిచింది.