వెనక తలుపు, అన్ని వేళలా

మా బావ పరుపుల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల మెకానిక్కు. అక్కడ మాత్రం ఆయన్ని మెకానిక్కని ఎవరూ అనరు. అందరికీ ఆయన 'తలుపు బాబాయి'.

ఒకసారి ఏదో మిషను మోటారు అంటుకుంది. అందరూ అరుస్తుంటే బావ ఇసుక బకెట్టు తెచ్చి గుమ్మరించాడు. ఆ మంట పైకప్పును నాకిందని నేను చాలామందికి చెప్పాను గానీ, నిజానికి నాలుగు అగ్గిపుల్లలంత ఉంటుంది. దాన్ని ఆర్పిన పాపానికి, అగ్నిప్రమాదాల బాధ్యతంతా తెచ్చి ఆయన నెత్తిన పెట్టారు.

మంటలార్పే సిలిండర్ల గడువు చూడాలి. వాటికి ఎవరూ చొక్కాలు తగిలించకుండా చూడాలి. కరెంటు పెట్టె ముందు జాగా వదిలించాలి. అప్పుడప్పుడూ ముందే చెప్పి, గంట కొట్టి అందర్నీ ముందు గుమ్మంలోంచి బయటికి నడిపించాలి. ఇవన్నీ బావ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆయన నడుం విరిగింది వెనక తలుపు దగ్గరే.

ఆ హాలుకు దారులు రెండే: ముందు గుమ్మం, వెనక తలుపు. వెనక వరసలో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు కుట్టేవాళ్ళు. మా అక్క వాళ్ళలో ఒకతె. ప్రాణం మీదికొస్తే వాళ్ళకి దగ్గర దారి వెనక తలుపు. వేరే చోటు లేక, కోసిన ఫోమ్ కట్టల్ని తెచ్చి దానికే ఆనించి పేర్చేవాళ్ళు. ఫోమ్ అంటుకుంటే మంట కన్నా ముందు నల్లటి పొగ వచ్చి మనిషి గొంతు పట్టుకుంటుంది. అందుకే బావ రోజూ ఎనిమిదింటికి వచ్చి ఒక్కో కట్టా పక్కకి ఈడ్చేవాడు. పదిన్నరకల్లా కొత్త కట్టలొచ్చి అక్కడే కూర్చునేవి. ఇలా పదకొండేళ్ళు. ఆయన ఈడ్చిన కట్టలన్నీ వరసగా పరిస్తే చంద్రుడి దాకా మెత్తగా నడిచి వెళ్ళిరావచ్చు. లెక్క నేనే వేశాను.

ఇంటికొచ్చి మంచం మీద బోర్లా పడుకుంటే అక్క నడుముకి మందు రాస్తూ సణిగేది.

"నన్నెందుకు కట్టుకున్నట్టు? ఆ తలుపునే కట్టుకోవాల్సింది."

"అది నీలా మాట్లాడదు, నిజమే," అనేవాడు బావ దిండులోకి.

నేను అదే ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాని. కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో దిద్దించిన గుండ్రటి చేతిరాత కాబట్టి, ఏటా అగ్నిప్రమాద నివారణ ప్రణాళిక కాగితం నింపే పని నాకే పడేది. కింద మేనేజరు సంతకం పెట్టేవాడు. ఒక ఏడాది మాత్రం, బాధ్యత చూసే మనిషే సంతకం పెట్టాలని కొత్త నిబంధన వచ్చింది. మేనేజరు బావని పిలిపించాడు.

బావ కాగితం ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయాడు. 'రెండు దారులూ అన్ని వేళలా ఖాళీగా ఉన్నాయి.'

"అన్ని వేళలా అంటే ఎన్ని వేళలు సార్?"

"ఇన్‌స్పెక్టరు వచ్చే వేళ ఖాళీగా ఉంటే చాల్లే బాబాయ్. పెట్టెయ్."

"మంట కూడా చెప్పే వస్తుందా సార్?"

"నీకింకా ఏడాదిన్నర సర్వీసుంది. ఇప్పుడెందుకు చెప్పు ఈ పేచీ? నువ్వు పెట్టకపోతే పెట్టేవాణ్ణి ఆ పనిలో వేసుకుంటాను."

బావ ఆఫీసు తలుపుకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఒక్కసారి ఎవరికీ చెప్పకుండా గంట కొట్టి చూద్దాం సార్. మీరు వెనక వరసలో కూర్చోండి. మీరు క్షేమంగా బయటికొస్తే నేను సంతకం పెడతాను."

ఇంత తేలిగ్గా పోతుందా అని మేనేజరు సంబరపడ్డాడు. మధ్యాహ్నం మూడింటికి అక్క పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బావ గంట కొట్టాడు.

అక్క తల ఎత్తి గోడ గడియారం చూసింది. "ఇవాళ టీ ముందే వచ్చిందేమిటే?" అని పక్కావిణ్ణి అడిగి, గ్లాసు తీసుకుని లేచింది. పద్దెనిమిది మందీ గ్లాసులు పట్టుకుని, కబుర్లాడుకుంటూ ముందు గుమ్మం వైపు బారు కట్టారు. ఆ ఫ్యాక్టరీలో టీ గంటా మంట గంటా ఒకటే మరి.

"వీళ్ళు టీకి పోతున్నారయ్యా!" అని మేనేజరు అరిచాడు.

"నిజంగా అంటుకున్నా టీకే పోతారు సార్. మీరు మాత్రం దగ్గర దారిన రండి."

మేనేజరు వెనక తలుపుకేసి వెళ్ళాడు. ఒక కట్ట లాగితే పైనున్న మూడు ఆయన మీద పడ్డాయి. వాటికింద నుంచి ఆయన బూట్లు మాత్రం కనిపించాయి. అవి ఈత కొడుతున్నాయని నేను ఊరంతా చెప్పాను. బావ వెళ్ళి, రోజూ ఈడ్చినట్టే ఈడ్చి ఆయన్ని బయటికి తీశాడు. ఆఖరి గ్లాసు ముందు గుమ్మం దాటేసరికి తొమ్మిది నిమిషాలైంది.

ఆఫీసులోకి వచ్చాక బావ నా కలం తీసుకున్నాడు. 'అన్ని వేళలా' కొట్టేశాడు. పైన వంకర అక్షరాలతో రాశాడు: 'ముందుది ఎప్పుడూ. వెనకది ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర దాకా.' కింద సంతకం పెట్టాడు.

"ఇది పంపితే మనకి తాళం వేస్తారు బాబాయ్."

"పంపకండి సార్. తలుపు ఖాళీ చేయించండి, కొట్టేసింది మళ్ళీ రాస్తాను. మీరు నన్ను తీసేసినా ఇంకోలా రాయలేను. నాకు ఓపిక లేదు."

మేనేజరు జుట్టులోంచి ఫోమ్ ముక్కలు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. రెండు వారాల్లో లారీలు నిలిపే చోట కట్టల కోసం రేకుల షెడ్డు లేచింది. మంటకి గంట కాకుండా వేరే సైరన్ కూత కూడా పెట్టించారు.

ఆ కూత మొదటిసారి వేసిన రోజు వెనక వరసంతా వెనక తలుపులోంచి రెండు నిమిషాల్లో బయటపడింది. అన్నేళ్ళలో అక్క అటువైపు అడుగు పెట్టడం అదే మొదలు. అక్కడున్నది ఒక ప్రహరీ గోడ, పిచ్చి మొక్కలు, కారుతున్న కుళాయి.

"ఇంతేనా? దీనికా పదకొండేళ్ళు?" అంది.

"ఇంతేనే," అని బావ గడప మీద కూలబడ్డాడు.

"అక్కడ కూర్చుంటే జనం ఎలా వస్తారండీ? దారికి అడ్డం లేవండి," అంది అక్క.