అవతలి మేకు

మా తోడల్లుణ్ణి గనిలో అందరూ నిదానం అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. వెక్కిరింపుకి పెడితే, నా ఖర్మ కాలి, జనం దాన్ని బిరుదు చేసి కూర్చోబెట్టారు.

ఇద్దరిదీ ఒకటే పని. బొగ్గు కోసం తవ్వి పడేసిన రాయీ మట్టీ గుట్టలా పోగుపడుతుంది. ఆ గుట్ట కిందే గని నీళ్ళు నిలవుంచే చెరువు. గుట్ట పగులుతోందా, చెరువు కట్ట ఊరుతోందా అని రోజూ చూసి పుస్తకంలో రాయాలి. నేను పంతొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను. అతను వచ్చి ఏడేళ్ళు. మా మరదల్ని చేసుకున్న కొత్తలో ఖాళీగా ఉంటే, మా ఆవిడ పోరు పడలేక ఇంజనీరు కాళ్ళావేళ్ళా పడి చేర్పించింది నేను. పని నేర్పిందీ నేనే. నేర్పకుండా ఉండాల్సింది.

కట్ట అడుగున ఊట నీళ్ళు బయటికొచ్చే గొట్టం ఒకటుంది. దాని కింద సీసా పెట్టి, నిండటానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. నేనైతే సగం నిండగానే రెట్టింపు వేసి రాసేస్తాను. లెక్క ఒకటేగా. అతను మాత్రం గొంతుకూర్చుని చివరి చుక్కదాకా చూస్తాడు. నిండాక సీసాని వెలుతురుకి ఎత్తి, నీళ్ళు తేటగా ఉన్నాయా, కట్ట మట్టి కొట్టుకొస్తోందా అని తలొంచి మరీ చూస్తాడు. నేను టీ తాగి, నలుగురితో కబుర్లాడి తిరిగొచ్చినా ఆ సీసా ముందే ఉంటాడు. చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంటికొస్తే అక్కడా అతని భజనే. "మా మరిదిని చూసి నేర్చుకోండి. బూట్లు కడుక్కుని గానీ గడప తొక్కడు. మీరు గుట్టలో సగం ఇంట్లోకి మోసుకొస్తారు" అంటుంది మా ఆవిడ. మా అమ్మాయికి లెక్కల్లో సందేహమొస్తే, ఎదురుగా కూర్చున్న నన్ను దాటుకుని బాబాయి ఇంటికి పోతుంది. ఇంతకీ అతను నన్ను ఒక్క మాట అన్నవాడు కాదు. అన్నయ్యా అన్నయ్యా అంటూ వెనకే తిరుగుతాడు. అంటే బాగుండేది, నాకూ తిట్టడానికి ఒక వంక దొరికేది.

ఇలా ఉండగా మా హెడ్ ఇన్‌స్పెక్టర్ నెలాఖరుకి దిగిపోతున్నాడని తెలిసింది. ఆ కుర్చీ మా ఇద్దరిలో ఒకరికిస్తానని ఇంజనీరు అన్నాడు. నిన్న మొన్న వచ్చినవాడి పేరు నా పేరు పక్కన వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. నా కింద పని నేర్చుకున్నవాడికి రేపు నేను పుస్తకం చూపించి సంతకం అడుక్కోవాలా? కుదరదు. ఎలాగైనా ఆ కుర్చీ నాకే రావాలి.

గుట్ట మీద పాత పగులు ఒకటుంది. దానికి అటొకటి ఇటొకటి ఇనుప మేకులు దిగ్గొట్టాం. రోజూ పొద్దున్నే వాటి మధ్య దూరం టేపుతో కొలవాలి. దూరం పెరిగిందంటే గుట్ట జారుతున్నట్టు. ఆరు నెలలుగా అది నలభై అంగుళాలే. నా వంతు వచ్చినప్పుడు నేను చాలా రోజులు గుట్ట ఎక్కకుండానే నలభై అని రాసేశాను. అతను మాత్రం ఎక్కుతున్నాడా ఏంటి?

అతని వంతు నడుస్తున్న వారంలో, ఒక సాయంత్రం డ్యూటీ దిగాక ఒక్కణ్ణే గుట్టెక్కాను. అవతలి మేకు పీకి, రెండంగుళాలు పగులు వైపు జరిపి కొట్టాను. ఇప్పుడు దూరం ముప్పై ఎనిమిది. రేపు పుస్తకంలో నలభై అని రాశాడా, అడ్డంగా దొరికిపోయినట్టే.

మర్నాడు ఆఫీసులో పుస్తకం తీశాను. నలభై అనే ఉంది. ఇన్నేళ్ళ కడుపుమంట ఒక్కసారిగా చల్లారింది. చంకలు గుద్దుకుంటూ ఇంజనీరు గదిలోకి పోయాను.

"సార్, మీ నిదానం కొలవకుండానే రాస్తున్నాడు. ఇదిగో చూడండి" అన్నాను.

"కొలవలేదని నీకెట్లా తెలుసు?"

ఆయన పేజీ తిప్పాడు. వెనకవైపు అతని గుండ్రటి అక్షరాలు. ఇంజనీరు పైకి చదివాడు. "అవతలి మేకు చుట్టూ మట్టి కొత్తగా కదిలి ఉంది. కొలత మాత్రం నలభై. చెరువు చూసొచ్చి మధ్యాహ్నం మళ్ళీ కొలుస్తాను."

అంటే ఎక్కాడు. మేకు చూశాడు. కొలిచాడు. నేను ముప్పై ఎనిమిదికి తెచ్చిన దూరం తెల్లారేసరికి నలభై అయిందంటే, పగులు ఒక్క రాత్రిలో రెండంగుళాలు తెరుచుకుంది. నేను మేకు ముట్టుకోకపోయుంటే పుస్తకంలో నలభై రెండు ఉండేది. అది రాసిన నిమిషంలో అతనే జనాన్ని బయటికి పంపేవాడు. ఇప్పుడు గుట్ట కింద సీసా పెట్టుకుని కూర్చుని ఉంటాడు. పక్కన పంపులు నడిపేవాళ్ళు ఇద్దరు.

నోరు మూసుకుంటే కుర్చీ నాదే. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. తర్వాత మా మరదలి ముఖం గుర్తొచ్చింది.

"ఆ మేకు కదిపింది నేనే సార్. గుట్ట జారుతోంది. సైరన్ వేయించండి" అన్నాను.

సైరన్ మోగింది. నేను కట్ట దాకా పరిగెత్తాను. పంపులవాళ్ళు ఇద్దరూ పడుతూ లేస్తూ పైకి వచ్చారు. ఆఖరున అతను, చేతిలో సీసాతో.

"నీళ్ళు బురదగా వస్తున్నాయి అన్నయ్యా. నేనే వీళ్ళని బయటికి తోలుతున్నాను, ఇంతలో సైరన్ మోగింది" అని సీసా నా చేతిలో పెట్టాడు.

గంట తిరగకుండా గుట్టలో సగం చెరువులో పడింది. పంపుల షెడ్డు, గొట్టం, అతను రోజూ కూర్చునే చోటు అన్నీ మట్టి కిందికి పోయాయి.

కుర్చీ అతనికే ఇచ్చారు. నన్ను ఇంటికి పంపాల్సిందే, కానీ అతను ఇంజనీరుతో ఏం మాట్లాడాడో, పని ఉంచారు. ఆ సంగతి అతను నాకు చెప్పలేదు. మరదలు మా ఆవిడకి చెబితే, మా ఆవిడ నాకు చెప్పింది, చెప్పి చాలాసేపు నా వైపు చూడలేదు.

మిగిలిన గుట్ట మీద కొత్త మేకులు కొట్టాం. ఇప్పుడు రోజూ ఎక్కుతాను, రెండుసార్లు కొలుస్తాను. పుస్తకం తీసుకెళ్ళి అతని బల్ల మీద పెడతాను. మిగతా ఇన్‌స్పెక్టర్లు రాసినవి అతను వెళ్ళి మళ్ళీ కొలిచి గానీ సంతకం పెట్టడు. నా పుస్తకం మాత్రం చూసి, "సరే అన్నయ్యా" అని అక్కడికక్కడే సంతకం పెట్టేస్తాడు.

అతని చోట నేనుంటే పెట్టేవాణ్ణి కాదు. అందుకే ఇప్పటికీ అతన్ని చూస్తే నాకు కడుపుమంట.