గ్రానైట్ కమాన్ల మీద చెల్లె ప్రయాణం

తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది మా ఇంట్లో ఎవరూ వాదించని విషయం. వాదనంతా బండి గురించే. మా చెల్లె రూతు అత్తగారి ఊరు ఉట్నూర్ దాటాక పన్నెండు కిలోమీటర్లు అడవిలోకి ఉంటుంది. మొన్నటి వానలకు ఆ దారి కొట్టుకుపోయింది. ఆటోలు రావడం లేదు, జీపులే దిక్కు. జీపు పేరెత్తితే రూతు వినదు. రెండేళ్ల కింద మూడో నెలలో జీపులో ఉట్నూర్ పోయి వచ్చింది, ఆ వారంలోనే గర్భం పోయింది. జీపు వల్ల కాదని డాక్టరమ్మ చెప్పినా ఆమె మనసు ఒప్పుకోలేదు. ఈసారి ఏడో నెల దాటకముందే కరీంనగర్ చేరమని అదే డాక్టరమ్మ అంది. "నీ పికప్ మంచిగ చేయించుకొని వస్తె వస్త అన్నా. లేకుంటె ఈడనే కంట" అని రూతు ఫోన్లో తేల్చి చెప్పింది.

నా పికప్ సంగతి చెప్పాలి. ఫోర్ బై ఫోర్, డబుల్ క్యాబిన్, ఒక గ్రానైట్ క్వారీలో చాకిరీ చేసి చేసి నా చేతికొచ్చిన బండి. వెనక తొట్టి అడుగు తుప్పుపట్టి కింద రోడ్డు కనిపించేది. షాక్‌అబ్జార్బర్ల నుంచి నూనె కారుతోంది. వెనక ఇరుసు మీద ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, మేము కమాన్లంటాం, వాటిలో రెండు విరిగిపోయాయి. బైపాస్ దగ్గర ఖాదర్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్తే, చుట్టూ ఒకసారి తిరిగి చూసి "రేపు పొద్దుగూకంగ తీస్కపో" అన్నాడు. ఆ 'రేపు' వారం దాటినా రాలేదు. కరెంటు లేదు కాబట్టి ఒకరోజు వెల్డింగ్ లేదు. హైదరాబాద్ నుంచి కమాన్ల చివర్లలో వేసే రబ్బరు బుష్‌లు రాలేదు కాబట్టి ఇంకో రెండు రోజులు. వచ్చిన బుష్‌లు వేరే మోడల్‌వి. ఆ తర్వాత శుక్రవారం, షెడ్డు బంద్.

కమాన్ల దగ్గర అసలు పంచాయితీ మొదలైంది. "భాయ్, మెత్తగ ఉండాలె. ఏడో నెల మనిషి కూసునే బండి" అని నేను మొత్తుకున్నాను. కరీంనగర్‌లో ఏ షెడ్డుకు పోయినా ముందు అడిగేది ఎన్ని టన్నులు అని. బండి ఎక్కేది మనిషి అంటే వాళ్లకు మాట వినబడనట్టే ఉంటుంది. "మెత్తగుంటె అడవిల కమాన్ ఇరుగుతది అన్నా. జర నా మాటిను" అన్నాడు ఖాదర్ భాయ్. అక్కడ చాయ తాగుతున్న గ్రానైట్ లారీ డ్రైవర్ ఒకాయన, ఎవరూ అడగకపోయినా, "ఇంకో పట్టీ ఎయ్యి భాయ్, అడవిల ఇరిగితె ఎవలు చూస్తరు?" అని తీర్పిచ్చాడు. నాకు తప్ప షెడ్డులో అందరికీ అదే సబబుగా తోచింది. రెండు పట్టీలు ఎక్కువే పడ్డాయి. తొట్టికి కొత్త రేకు, షాకులు, కమాన్లు, డెంటింగ్, పెయింటింగ్ కలిపి ముప్పై ఎనిమిది వేలు. పెయింటర్ తన ఉత్సాహం కొద్దీ వెనక డోరు మీద నెమలిని కూడా వేశాడు. దానికి మాత్రం డబ్బులడగలేదు.

శనివారం పొద్దున ఆరింటికి కరీంనగర్‌లో బయల్దేరి, జగిత్యాల మీదుగా ఎనిమిదికల్లా ధర్మపురి చేరాను. ఆ వైపు వెళ్లేవాళ్లు టిఫిన్ ఇక్కడే కానివ్వండి, తర్వాత లక్షెట్టిపేట దాకా చెప్పుకోదగ్గ హోటల్ నా కంటబడలేదు. ఇడ్లీ తిని చాయ పార్సిల్ అడిగితే, పొయ్యి దగ్గరున్న అక్క నవ్వింది. "ఈడనే కూసొని తాగు తమ్మీ. నీ బండి స్పీడ్ బ్రేకర్ మీద ఎగురుడు చూసిన. చాయ నీ అంగి మీదనే పోతది." నాకు కోపం వచ్చింది గానీ కూర్చునే తాగాను. రాయపట్నం దగ్గర గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం మీదుగా అడవిలోకి వెళ్లే రోడ్డు బాగానే ఉంటుంది. రాత్రిపూట చెక్‌పోస్టుల దగ్గర బండ్లను ఆపేస్తారు, వెలుగుండగానే దాటేలా చూసుకోండి. పదకొండున్నరకు ఉట్నూర్‌లో ఉన్నాను.

ఆ తర్వాతి పన్నెండు కిలోమీటర్లకు గంట పట్టింది. ప్రతి గుంతకూ బండి వెనక భాగం కోడెదూడలా తన్నింది. నా తల మూడుసార్లు కప్పుకు తగిలింది, కొత్త తొట్టిలో స్పానర్ల డబ్బా అడవంతా వినబడేలా మోగింది. ఇంత ఖర్చు పెట్టి నేను చేయించింది పాతదానికన్నా అధ్వాన్నమైన బండి అని దారిలోనే అర్థమైంది. ఖాదర్ భాయ్‌ను, ఆ లారీ డ్రైవర్‌ను, నెమలిని కూడా తిట్టుకుంటూ వెళ్లాను.

రూతు సంచి సర్దుకొని వాకిట్లో కూర్చుని ఉంది. వాళ్లత్త మార్తమ్మ మాత్రం నన్ను లోపలికి కూడా పిలవలేదు. బండిని చూసింది, నెమలిని చూసింది, లోపలికి వెళ్లి అంచుదాకా నీళ్లు నింపిన బిందె పట్టుకొచ్చి ముందు సీటు మీద పెట్టింది. "వాగు దాక పోయి రా కొడుకా. నీళ్లు ఒలకకుంట తెస్తె నా కోడలిని పంపుత" అంది.

"అత్తమ్మా, బిందె వేరు, మనిషి వేరు" అన్నాను.

"అవు, వేరే. బిందె పోతె ఇంకోటి కొనుక్కుంట" అంది.

వాగు దాకా వీలైనంత మెల్లగా వెళ్లి వచ్చాను. తిరిగొచ్చేసరికి సీటు తడిసింది, నా ప్యాంటు తడిసింది, బిందెలో సగం కూడా మిగల్లేదు. "నిండుకుండ తొణకదంటరు. నీ బండిల దానికి సుత దయ్యం పట్టింది" అని మార్తమ్మ అత్త బిందె దించుకుంది. రూతు తడి సీటు వైపు కాసేపు చూసి, సంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. అంత దూరం వచ్చినందుకు కాదు, ఆ సంచి లోపలికి పోయినందుకు నాకు ఏడుపొచ్చింది.

ఊళ్లో బోరింగు దగ్గర నిలబడితేనే సిగ్నల్ దొరుకుతుంది. అక్కడికి వెళ్లి స్పీకర్ పెట్టి ఖాదర్ భాయ్‌ను దులిపేద్దామనుకున్నాను. అత్త కూడా వెంట వచ్చింది.

"భాయ్, బండి తంతుంది!"

"లోడెంతున్నది?"

"లోడేంది? ఖాళీగ వచ్చిన."

"ఖాళీగ ఎందుకు పోయినవే! అవి లోడ్ కమాన్లు. బరువు పడితెనే వంగుతయి. టన్ను ఎక్కియ్యి, టైర్లల్ల జర గాలి దించు, పిల్లల తొట్టెల ఊగినట్టు పోతది. ఫికర్ చేయకు" అని నా తప్పయినట్టు ఫోన్ పెట్టేశాడు.

నేను ఫోన్ జేబులో పెట్టుకునేలోపే అత్త ఇంటివైపు నడుస్తోంది. "బరువే కావాల్నంటె మొదలే చెప్పకపోతివి! దారి పోయినకాన్నుంచి లారీ రాలే, నా మక్కలు ఇంట్లనే ముక్కిపోతున్నయి. మార్కెట్ల అమ్మిపెట్టు." ఆమె మొక్కజొన్న బస్తాలు, పక్కింటివాళ్లవి కలిపి తొట్టి నింపాం. రూతు భర్త, అంటే మా బావ, తను పనిచేసే బడి నుంచి వచ్చేసరికి ఇంటిముందు జాతర. సగం బస్తాలు ఆయనే మోశాడు. నిజం చెప్పాలంటే బరువు పడుతున్నకొద్దీ బండి వెనక భాగం నెమ్మదిగా కిందికి దిగి, మొదటిసారి తిన్నగా నిలబడింది. మళ్లీ బిందె నింపారు, మళ్లీ వాగు దాకా వెళ్లాను. ఈసారి రూతే ఎదురొచ్చి తలుపు తీసింది. బిందె లోపలికి తొంగి చూసింది. సీటు మీద అరచెయ్యి పెట్టి, అటూ ఇటూ తడిమింది. పొడిగా ఉంది. ఇంట్లోకి వెళ్లి సంచి తెచ్చి వెనక సీట్లో పెట్టింది.

అప్పటికే పొద్దు వాలింది, చెక్‌పోస్టు అందదు. రాత్రి అక్కడే పడుకున్నాం. తెల్లవారి అత్త ప్రార్థన చేసింది, బండి కోసం కూడా చేసింది. ఆ బిందెను మళ్లీ నింపి, ఒక గ్లాసుతో పాటు రూతు కాళ్ల దగ్గర పెట్టి, "ఒలికితె వెనక్కి తిప్పు" అని నాతో చెప్పింది. ఉట్నూర్ దాకా రూతు రోడ్డు చూడలేదు, నీళ్లనే చూసింది. జన్నారం దాటినా చూపు తిప్పలేదు. గోదావరి వంతెన మీదికి వచ్చాక గ్లాసు తీసి బిందెలో ముంచింది. గటగటా తాగింది.

"ఏందే, లెక్క తప్పదా?" అన్నాను.

"దూపైతుంది అన్నా. ఇగ చూసుడు చాలు" అని ఇంకో గ్లాసు ముంచి నాకిచ్చింది.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. ఖాదర్ భాయ్‌ను తిట్టాలో మెచ్చుకోవాలో నాకిప్పటికీ తేలలేదు. ఆయన బండిని గట్టిగా చేశాడు, అందులో అబద్ధం లేదు. రూతుకు కావాల్సింది గట్టి బండి కాదు, ఎక్కడానికి ధైర్యం. అది ముప్పై ఎనిమిది వేలకు షెడ్డులో దొరకలేదు, ఒక మొండి అత్త బిందెలో దొరికింది. ఇప్పుడు మా ఇంట్లో మేనకోడలు ఉంది, నేను ఇది రాస్తుంటే గొంతు చించుకుంటోంది. పాపకు మూడో నెలలో తల్లీబిడ్డలను అత్తింట్లో దిగబెట్టాలి. అప్పటికి మక్కలుండవు. అందుకని ఆ రెండు పట్టీలు తీయించడానికి నిన్న షెడ్డుకు వెళ్తే, ఖాదర్ భాయ్ "రేపు రా" అన్నాడు.

ఇలాంటి దారులకు బండి సిద్ధం చేయించుకునేవాళ్లకు ఒక్క సలహా. మిస్త్రీకి డబ్బులిచ్చే ముందు, మీరు నిజంగా ఎంత బరువుతో వెళ్తారో అంతే బరువుతో, ముందు సీటు మీద నిండు బిందె పెట్టుకుని గుంతల రోడ్డు మీద ఒక రౌండు వేసి రండి. బిందె కోసం వెతుక్కోవద్దు, మాది తీసుకెళ్లండి. అత్త దాన్ని ఇప్పటికైతే తిరిగి అడగలేదు. "మనుమరాలు వచ్చే బండిల పెట్టి పంపు, ఒలికిందో లేదో నేను చూసుకుంట" అని ఫోన్లో అంది.