మా బావ టైల్స్ వేసిన స్తంభం

మా అక్క మొగుడు, మా బావ, మొన్న శుక్రవారం పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాడు, మళ్ళీ లేవలేదు.

మలేషియాలో సుంగై సుమున్ అనే ఎస్టేటు తోటలో పుట్టి, కౌలాలంపూర్ వచ్చి టైల్స్ పని నేర్చాడు. నన్నూ తోటలోంచి లాక్కొచ్చి తాపీ చేతికిచ్చింది ఆయనే. ఆ రుణం నాకుంది.

నగరం నడిబొడ్డున నేల కింద రైలు స్టేషను కట్టినప్పుడు స్తంభాలకు టైల్స్ వేసింది మేమే. పక్కనే నది. తవ్వినకొద్దీ నీళ్ళు ఊరేవి, వానలొస్తే నది పొంగేది. అందుకే ఆ స్టేషన్లోకి దిగాలంటే ముందు కొన్ని మెట్లు ఎక్కాలి, వరద లోపలికి రాకుండా. స్తంభాలు గుండ్రం, తోపులాటలో ఎవరికీ మూల గుచ్చుకోకుండా. గుండ్రటి స్తంభానికి పెద్ద టైలు అంటదు. వేలెడు వెడల్పున కోసి అతికించాలి. కింద ముదురాకుపచ్చ, పైకి పోనుపోను లేత.

బావ పొగరు మనిషి. ఇంటికి చుట్టాలొస్తే టికెట్లు కొని కిందికి తీసుకుపోయేవాడు.

"సూడు, యాడన్నా వంకరుందేటి?"

"గోడ మీద మంత్రి పేరుంది గానీ నీ పేరేది బావా?" అనేవాణ్ణి.

"స్తంభం పడిపోతే మంత్రొచ్చి పట్టుకుంటాడేటి లా?" అనేవాడు, మలేషియా వాళ్ళలాగా మాట చివర ఆ "లా" తగిలించి.

ఇప్పుడా స్టేషను పాతబడిందట. స్తంభాలకు తెల్ల రేకులు తొడుగుతారట, సోమవారం నుంచే. శనివారం బావను సమాధి చేశాం. ఆదివారం పొద్దున్నే అక్క చెప్పులేసుకుని, "తమ్ముడా, నన్ను టేసన్‌కి తీసుకెల్లు" అంది.

అక్క కోడలు అడ్డం వచ్చింది. "నిన్ననే మట్టిచ్చినాం. ఇయ్యాల టేసనేటి అత్తా? నలుగురూ ఏటనుకుంటారు?"

"ఆ నలుగురూ సూసొచ్చినోల్లే. సుట్టాలొచ్చిన ప్రతిసారీ ఆయన ఆల్లని తీసుకెల్లినాడు, నేను ఇంట్లో వండినాను. రేపు మూసేత్తారు. నేనెప్పుడు సూసేది?"

ఇంటి నిండా చుట్టాలు. "ఆపేవాళ్ళెవరో ముందుకు రండి" అని కారు తీశాను.

ప్లాట్‌ఫారం మీద అక్క స్తంభం చుట్టూ మెల్లగా తిరిగింది. తలెత్తి లేత రంగు దాకా చూసింది. తర్వాత దానికి వీపు ఆనించి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

గార్డు వచ్చాడు. "కింద కూర్చోకూడదమ్మా, రైలొస్తోంది, ఎక్కండి" అన్నాడు తమిళంలో.

"మేం రైలుకి రాలేదు బాబూ" అంది అక్క.

రైలు వచ్చింది. సొరంగంలోంచి గాలి తోసుకొచ్చి అక్క తెల్లచీర కొంగును ఎగరేసింది. అక్క దాన్ని పట్టుకోలేదు.