డెసిమేట్ చీట్లు

ముత్తుకూరు అవతల ఒక రొయ్యల షెడ్డులో నేను హాజరు రాసే గుమస్తాని. లోపలి చలికి మాట నోరు దాటేలోపే గడ్డకట్టి టక్కున బల్లమీద పడేది. ఆ చలిలో నలభైమంది ఆడవాళ్లు నిలబడి రొయ్యలు ఒలిచేవారు. నా ఇంగ్లీషు మాత్రం లండన్‌లో కూడా దొరకని సరుకని నా నమ్మకం.

ఎగుమతులు పడిపోయిన నెలలో మేనేజరు నన్ను పిలిచాడు. "నలుగుర్ని తీసెయ్యాల. ఎవుర్ని తీసినా నామీద పడి ఏడుస్తారు. ఎట్టా?"

నా నాలుక దురద ఆగలేదు. "డెసిమేట్ చేద్దాం సార్. ఇప్పుడా మాటను సర్వనాశనానికి వాడుతున్నారు గానీ, అది పుట్టింది లాటిన్‌లో పదో అంకె నుంచి. రోమన్ సైన్యంలో ఏ దళమైనా వెన్నుచూపితే, పదేసిమందిని నిలబెట్టి చీట్లు తీయించేవాళ్లు. ఎవడికి పడితే వాడికి చావే."

"చంపేదెవురు?"

"మిగిలిన తొమ్మిదిమందే సార్, కర్రలతో."

ఆయన ముఖం పున్నమినాటి సముద్రంలా పొంగింది.

మర్నాడు నాలుగు బల్లలకూ చీట్లు రాసింది నేనే. బల్లకు తొమ్మిది ఖాళీ, ఒకదాంట్లో ఎర్రగీత. మేనేజరు రోమ్ కథంతా తనే కనిపెట్టినట్టు ఆడవాళ్లకు వినిపించాడు. ఒక్కరూ గొడవ చేయలేదు. మా తీరంలో వల వేసే వంతులు కూడా చీట్లతోనే తేలతాయి. చీటీ మీద అలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మూడో బల్ల దగ్గర నా ఈడు ఆమె ఒకతె. రొయ్యకు తాను చచ్చిన సంగతి తెలిసేలోపే ఒలిచేసే చేయి ఆమెది. టోపీమీదే కొంగు కప్పుకొని, కళ్లు మూసుకొని, చర్చిలో కొత్త సంవత్సరం నాడు బైబిలు వాక్యమున్న వాగ్దానపు చీటీ తీసేటప్పటిలా ప్రార్థన చేసి మరీ తీసింది.

ఎర్రగీత.

"నా అంత బిర్నా ఒలిచేదెవురన్నా ఈడ? మంచాన పడిన మా ఇంటాయనకి నా కూలే గదా మందులు!"

"చీటీ అక్కా. నేనేం చేసేది?" అన్నాను.

మేనేజరు ఆ బల్లవాళ్ల వైపు తిరిగాడు. "మీ తొమ్మిదిమందే పంపించాల. కానీండి."

ఒకతె గ్లౌజులు పీకింది, ఒకతె టోపీ. బూట్లు లాగింది సొంత తోడికోడలు. "కాలెత్తక్కా తొందరగా! ఆయన నన్ను జూస్తా ఉండాడు."

రోమన్లు అనవసరంగా కర్రలు దండగ చేశారనిపించింది. నాకు నవ్వు కూడా వచ్చింది, ఎందుకు దాచడం.

గేటు దాకా ఆమెను తీసుకెళ్లడం నా పని. బయట అడుగుపెట్టి ఆమె వెనక్కి తిరిగింది.

"అన్నా, ఆ దేశంలో చీట్లు రాసినోడు గూడా ఒకటి తీసేవాడా?"

"తీయడక్కా," అన్నాను, గేటు వేస్తూ.